కంప్యూటరుకు కన్నం

పడుకోబోయే ముందు వీధి తలుపు గడియ పడిందా లేదా అని చూడని ఇల్లు లేదు. చూసినవారే మళ్ళీ లేచి మరొకసారి చూస్తారు. దొడ్డి తలుపుకు గొళ్ళెం, దానికి తోడు అడ్డకర్ర, బీరువాకు తాళం, ఆ తాళం చెవి సొరుగులో, ఆ సొరుగు తాళం చెవి ఇల్లాలి కొంగున - ఇంత ఏర్పాటు ఉంటుంది. ఇంతా చేసి ఆ బీరువాలో ఉండేవి నాలుగు పట్టుచీరలు, ఒక రెండు పేటల గొలుసు, ఇంటి కాగితాలు. వాటికంటె విలువైనవి ఈ రోజుల్లో వేరేచోట ఉంటున్నవి. బాంకు లెక్కలు, దస్తావేజుల నకళ్ళు, పిల్లల సర్టిఫికెట్లు, ఆదాయపు పన్ను కాగితాలు, పెళ్ళి ఫోటోలు, అన్నీ ముందుగదిలో బల్లమీద ఉన్న కంప్యూటరులో ఉంటున్నవి. దానికి తాళం ఉన్నదా అని అడిగి చూడండి. "లేకేం? పాస్ వర్డు పెట్టాంగా!" అంటారు.

పాస్ వర్డు తాళమే, కాదనను. కాని అది ఏ తలుపుకు వేసిన తాళమో తెలిసినవారు తక్కువ. కంప్యూటరు పూర్తిగా నిద్రలేచి, ముఖం కడుక్కొని, ముందుగదిలో పడక్కుర్చీ వేసుకొని కూర్చున్న తరువాత, "ఎవరండీ మీరు?" అని అడిగే ప్రశ్న అది. యంత్రం కళ్ళు తెరవక ముందే గోడకు కన్నం వేసి లోపలికి దూరినవాణ్ణి ఆ ప్రశ్న అడిగే నాథుడు లేడు. ఆ కన్నం సంగతి, దాన్ని పూడ్చుకొనే ఉపాయాల సంగతి ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

నేను తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. కంప్యూటరు శాస్త్రం నా చదువు కాదు. కాని విద్యార్థుల మార్కులు, హాజరు, ప్రశ్నపత్రాల చిత్తు ప్రతులు అన్నీ యంత్రంలోకి ఎక్కిన తరువాత దాని గుట్టు కొంతైనా తెలుసుకోక తప్పింది కాదు. తెలుసుకొన్నదాన్ని నలుగురికీ అర్థమయే మాటల్లో చెప్పడం ఎలాగూ నా వృత్తే.

శర్విలకుడి విద్య

సంస్కృతంలో శూద్రకుడి మృచ్ఛకటికం అనే నాటకం ఉన్నది. అందులో మూడో అంకంలో శర్విలకుడనే దొంగ చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. ఊరికే గోడ పగలగొట్టడు. అది అతనికి ఒక శాస్త్రం. కన్నం పద్మం ఆకారంలో ఉండాలా, నెలవంకలా ఉండాలా, స్వస్తికంలా ఉండాలా అని తర్కించి, ఇటుక గోడ గనక పూర్ణకుంభమే శోభిస్తుందని తేలుస్తాడు. కొలతతాడు మరచిపోయి వచ్చినందువల్ల జందెంతోనే కొలుచుకొంటాడు. లోపల చారుదత్తుడు, అతని మిత్రుడు మైత్రేయుడు నిద్రపోతున్నారు. మైత్రేయుడి దగ్గర నగలపెట్టె ఉన్నది. అది వాళ్ళ సొత్తు కాదు. వసంతసేన నమ్మి దాచమని ఇచ్చినది. నిద్రమత్తులో మైత్రేయుడు, ఎదుట నిలబడ్డది తన మిత్రుడే అనుకొని, "ఇదుగో, పుచ్చుకో" అన్నట్టుగా ఆ పెట్టెను స్వయంగా దొంగ చేతిలో పెడతాడు!

క్లాసులో ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వుతారు. కాని మన కంప్యూటరు ప్రతి ఉదయమూ చేసే పని సరిగ్గా ఇదే. పూర్తిగా మేలుకొన్న కంప్యూటరు పాస్ వర్డు అడుగుతుంది. సగం నిద్రలో ఉన్న కంప్యూటరు ఎవరు చెయ్యి చాపితే వారికి పెట్టె ఇచ్చేస్తుంది.

యంత్రం నిద్రలేచే తీరు

కంప్యూటరును మొదలుపెట్టడాన్ని 'బూట్' చెయ్యడం అంటారు. ఇంగ్లీషులో 'బూట్ స్ట్రాప్' అనే మాటనుంచి ఇది వచ్చింది. బూటు వెనక ఉండే పట్టీని పట్టుకొని తనను తానే పైకి లేపుకోవడం అని దాని తాత్పర్యం. మన భాషలో అయితే తన భుజం తానే ఎక్కడం. మీట నొక్కిన క్షణంలో యంత్రానికి ఏమీ తెలియదు. విండోస్ తెలియదు, లినక్సు తెలియదు, యజమాని ఎవరో అసలే తెలియదు. లోపలి పలకమీద ఉన్న ఒక చిన్న చిప్పులో కొద్దిపాటి ప్రోగ్రాము దాగి ఉంటుంది. వెనక దాన్ని బయాస్ అనేవారు. ఇప్పటి యంత్రాల్లో దాని స్థానంలో యు.ఇ.ఎఫ్.ఐ. అనేది ఉంటున్నది. వాడుకలో మాత్రం ఇంకా బయాస్ అనే అంటున్నారు. ముందుగా లేచేది అది.

అది లేచి, జ్ఞాపకశక్తి సరిగా ఉన్నదా, కీబోర్డు ఉన్నదా అని ఒకసారి తడిమి చూసుకొంటుంది. తరువాత "ఎవర్ని లేపమంటారు?" అని తన చేతిలో ఉన్న ఒక జాబితా చూస్తుంది. ముందు పెన్ డ్రైవు, అది లేకపోతే డి.వి.డి., అదీ లేకపోతే లోపలి డిస్కు, ఏదీ దొరకకపోతే నెట్ వర్కు - ఇల్లాంటి వరస ఒకటి అందులో ఉంటుంది. దానికే బూట్ వరస అని పేరు. ఆ వరసలో ఎవరు మొదట దొరికితే వారిని లేపి, ఇంటి పెత్తనం వారి చేతిలో పెట్టి, తను తప్పుకొంటుంది.

ఇప్పుడు ఎవరో ఒకరు ఒక పెన్ డ్రైవులో లినక్సు వ్యవస్థను ఎక్కించుకొని వచ్చి గుచ్చారనుకోండి. యంత్రం దాన్నే లేపుతుంది. మీ విండోస్ లోపలి డిస్కులో హాయిగా నిద్రపోతూ ఉంటుంది. మీరు పెట్టిన పాస్ వర్డు విండోసు పెట్టిన నియమం. విండోసే నిద్రలో ఉంటే ఆ నియమాన్ని అమలు జరిపేదెవరు? వాచ్ మన్ నిద్రపోతున్న ఇంట్లో రిజిస్టరులో సంతకం పెట్టమనేదెవరు? కొత్తగా వచ్చిన పెత్తందారుకు మీ డిస్కు ఒక తాళంలేని భోషాణం. మూత తీయవచ్చు, చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు, దిద్దవచ్చు. పని అయిన తరువాత పెన్ డ్రైవు పీకి జేబులో వేసుకొంటే, విండోసు తన దినచర్యలో రాసుకొనేటందుకు ఏ జాడా ఉండదు.

అదే దారిన వచ్చిన వైద్యుడు

ఇదంతా విన్న తరువాత, "అటువంటి దారిని తయారు చేసినవాళ్ళు ఎందుకు ఉంచారు?" అని మీరడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు నేను కళ్ళారా చూశాను.

మా కళాశాలలో చాలాకాలం పనిచేసి విరమించిన ఒక పెద్దాయన కాలం చేశారు. ఆయన ముప్ఫై ఏళ్ళపాటు ఊరూరా తిరిగి ఆడవాళ్ళ పాటలు సేకరించారు. చివరి రోజుల్లో వాటినన్నిటినీ తానే టైపు చేసి లాప్ టాపులో దాచుకొన్నారు. అచ్చు వేయించే యోగం పట్టలేదు. పాస్ వర్డు ఆయనతోనే పోయింది. నెల రోజుల తరువాత ఆయన భార్య ఆ లాప్ టాపును గుడ్డసంచిలో పెట్టుకొని మా ఇంటికి వచ్చారు.

"నాయనా, ఆయన ప్రాణమంతా ఇందులో పెట్టిపోయారు. ఇది చూస్తే నన్ను లోపలికి రానివ్వడం లేదు" అన్నారావిడ.

"కంగారు పడకండి పిన్నిగారూ, చూద్దాం" అని, మరునాడు కంప్యూటరు శాస్త్రం ఆఖరి సంవత్సరం చదివే ఒక కుర్రవాణ్ణి పిలిచాను. అతను జేబులోంచి పెన్ డ్రైవు తీసి గుచ్చాడు, యంత్రాన్ని మొదలు పెడుతూ ఏదో మీట నొక్కాడు. కాఫీ చల్లారకముందే పాటలన్నీ తెరమీద కనిపించినవి. ఒకదాన్ని నేను పైకి చదువుతుంటే, ఆవిడ మధ్యలో ఆపి, "ఇది మా అత్తగారి పాట నాయనా" అని మిగిలిన చరణాలు తానే అందుకొన్నారు. మాలో ఎవరమూ కాసేపటిదాకా మాట్లాడలేదు.

కుర్రవాడు పాటలన్నిటినీ వేరే డిస్కులోకి ఎక్కించి ఇచ్చాడు. ఆవిడ వెళ్ళిన తరువాత, అతను పెన్ డ్రైవు జేబులో వేసుకొంటూ, "సార్, మన డిపార్టుమెంటులో ఉన్న కంప్యూటరు కూడా ఇంతే సుమండీ" అన్నాడు నెమ్మదిగా.

ఆ మాటతో అదే దారికి రెండో కొస కనిపించింది. ఒక జీవితకాలపు కృషిని బతికించిన దారే, నూటయాభైమంది పిల్లల మార్కులను దిద్దగల దారి కూడా. వైద్యుడు వచ్చిన దోవన దొంగా రావచ్చు. దోవకు ఇద్దరి మధ్యా తేడా తెలియదు. తెలిసేటట్లు చేయవలసింది ఇంటి యజమాని.

చారుదత్తుడి బాధ ఏమిటో గుర్తున్నదా? నగలు పోయినందుకు కాదు అతని దిగులు. తాను పేదవాడు గనక, దొంగతనం జరిగిందంటే లోకం నమ్మదనీ, తానే కాజేశాడంటుందనీ దిగులు. చివరకు ఆ నగలకు బదులుగా అతని భార్య ధూత తన రత్నాలహారం ఇచ్చి పంపవలసి వస్తుంది. మార్కులు మారినవనుకోండి, ప్రశ్నపత్రం బయటికి పొక్కిందనుకోండి, అనుమానం మొదట వచ్చేది పాస్ వర్డు తెలిసినవారి మీదనే. నలుగురూ నమ్మి దాచుకొన్న సొత్తుకు తాళం వేయడమంటే మన పేరుకు తాళం వేసుకోవడం అన్నమాట.

ఫ్లాపీలనాటి గుణపాఠం

ఈ కన్నం ఈనాటిది కాదు. వెనకటి కంప్యూటర్లు మొదలుకాగానే ముందు ఫ్లాపీ అరలోకి తొంగి చూసేవి. అక్కడ ఫ్లాపీ ఉంటే దాన్నే లేపేవి. 1986లో లాహోరులోని ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' అనే వైరసు ఈ అలవాటునే ఆసరా చేసుకొని ప్రపంచమంతా తిరిగింది. ఫ్లాపీ మొదటి భాగంలోనే అది కూర్చొని ఉండేది. ఆ ఫ్లాపీ అరలో ఉండగా యంత్రాన్ని మొదలుపెడితే ముందుగా లేచేది అదే. విశేషమేమంటే ఆ సోదరులు తమ పేర్లు, చిరునామా, టెలిఫోను నంబరు కూడా అందులో రాసిపెట్టారు!

1991లో బయటపడ్డ 'మైకెలాంజిలో' అనే వైరసు అంతకంటె గడ్డు పిండం. ఆ శిల్పి పుట్టినరోజైన మార్చి 6వ తేదీన యంత్రాన్ని మొదలుపెడితే డిస్కుమీది రాతను చెరిపివేసేది. 1992 మార్చిలో పత్రికలన్నీ గగ్గోలు పెట్టినవి. భయపడ్డంత నష్టం జరగలేదు కాని, తెలిసినవాళ్ళు ఆనాడు చెప్పిన మందు చాలా సులువైనది. బూట్ వరసలో ఫ్లాపీని కిందికి దించి లోపలి డిస్కును పైకి తెమ్మన్నారు. అరలో మరచిపోయిన ఫ్లాపీ ఇక పెత్తనం చేయలేదు. ఫ్లాపీలు పోయి పెన్ డ్రైవులు వచ్చినవి. మందు మాత్రం మారలేదు.

మొదటి తాళం: వీధి గుమ్మానికి

యంత్రం మొదలుకాగానే తెరమీద కంపెనీ పేరు కనిపిస్తుంది. ఆ క్షణంలో ఎఫ్ 2, ఎఫ్ 10, డిలీట్, ఎస్కేప్ వంటి మీటల్లో ఏదో ఒకటి నొక్కితే బయాస్ పేజీ తెరుచుకొంటుంది. ఏ యంత్రానికి ఏ మీటో కంపెనీని బట్టి ఉంటుంది. అక్కడ మూడు పనులు చేసుకోవాలి. బూట్ వరసలో లోపలి డిస్కును మొదటిదిగా పెట్టాలి. పెన్ డ్రైవు, డి.వి.డి., నెట్ వర్కులనుంచి మొదలుకావడం అవసరం లేకపోతే వాటిని అసలే ఆపివేయాలి. ఆ తరువాత ఈ పేజీకి పాస్ వర్డు పెట్టాలి. ఈ మూడోది చేయకపోతే మొదటి రెండూ చేసి ఫలం లేదు. మీరు మార్చిన వరసను రెండోవాడు వచ్చి తిరిగి మార్చుకొంటాడు.

ఈ పేజీలో రెండు రకాల పాస్ వర్డులు ఉంటాయి. అడ్మినిస్ట్రేటర్ లేక సూపర్ వైజర్ పాస్ వర్డు అనేది ఈ పేజీలో మార్పులు చేయకుండా కాపాడేది. పవర్ ఆన్ పాస్ వర్డు అనేది యంత్రం మొదలుకావడానికే అడిగేది. ఇంట్లో అందరూ వాడుకొనే యంత్రానికి మొదటిది చాలు. మరొక మాట. చాలా యంత్రాల్లో ఎఫ్ 12 వంటి మీట నొక్కితే "ఈ ఒక్కసారికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?" అనే పట్టిక వస్తుంది. కొన్నిటిలో అది కూడా పాస్ వర్డు అడుగుతుంది, కొన్నిటిలో అడగదు. తాళం వేసిన తరువాత తలుపును ఒకసారి లాగి చూసినట్టుగా, పెన్ డ్రైవు గుచ్చి ఆ మీట నొక్కి మీరే పరీక్ష చేసుకోవాలి.

ఈ తాళానికి ఒక బలహీనత ఉన్నది. చాలా డెస్క్ టాపుల్లో పెట్టె మూత విప్పి, లోపలున్న రూపాయి బిళ్ళంత బాటరీ తీసినా, పలకమీది చిన్న పిన్ను మార్చినా ఈ పాస్ వర్డు చెరిగిపోతుంది. ఈనాటి లాప్ టాపుల్లో చాలావాటికి ఆ పప్పులుడకవు. అందువల్ల లాప్ టాపులో ఈ పాస్ వర్డు మరచిపోతే యజమానికీ చిక్కే. కంపెనీవాళ్ళ దగ్గరకు పరుగెత్తవలసిందే. కాగితంమీద రాసి బీరువాలో పెట్టుకోండి.

రెండో తాళం: నడిమింటికి

లినక్సు వాడేవారికి మరో గుమ్మం ఉన్నది. బయాస్ తరువాత, లినక్సుకు ముందు, గ్రబ్ అనే మధ్యవర్తి నిలబడి "ఏ వ్యవస్థను లేపమంటారు?" అని పట్టిక చూపుతుంది. ఆ పట్టికమీద 'ఇ' అనే మీట నొక్కితే, లినక్సును లేపేటప్పుడు చెప్పవలసిన మాటలను దిద్దుకోవచ్చు. తెలిసినవాడు అక్కడ ఒకటి రెండు మాటలు చేర్చితే పాస్ వర్డు అడగకుండానే సర్వాధికారాలూ చేతికి వస్తాయి. మరమ్మతు చేసేవారికోసం ఉంచిన సౌకర్యం అది. కాలేజీ లాబులో అరవైమంది పిల్లల నడుమ అదే సౌకర్యం కాస్తా అసౌకర్యమవుతుంది.

గ్రబ్ కు కూడా పాస్ వర్డు పెట్టవచ్చు. దాన్ని ఉన్నదున్నట్టుగా రాసి ఉంచకుండా, తిరిగి పోల్చుకోలేనట్టుగా పిండికొట్టి దాచే సాధనం గ్రబ్ తోనే వస్తుంది. రోజూ మామూలుగా మొదలుపెట్టేవారిని ఏమీ అడగకుండా, మాటలు దిద్దబోయేవారిని మాత్రమే అడిగేటట్టు ఏర్పాటు చేసుకోవచ్చు. లేకపోతే ప్రతి ఉదయమూ లాబు సహాయకుడు అరవై యంత్రాల దగ్గరకూ తిరగవలసి వస్తుంది.

ఈ తాళానికీ ఒక కథ ఉన్నది. 2015 డిసెంబరులో స్పెయిన్ దేశంలోని వలెన్సియా సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులిద్దరు, గ్రబ్ పేరు అడిగినప్పుడు బ్యాక్ స్పేస్ మీటను 28 సార్లు నొక్కితే తాళం దానంతటదే ఊడుతున్నదని లోకానికి చాటారు. మంత్రం కాదు, మాయ కాదు. చెరపడానికి అక్షరాలు లేకపోయినా గ్రబ్ చెరుపుతూ పోవడమూ, లెక్క సున్నాకు కిందికి జారడమూ దానికి కారణం. 2009 నుంచీ ఉన్న తప్పు అది. వెంటనే దిద్దారు. దిద్దిన కొత్త ప్రతిని ఎక్కించుకొన్నవారికి భయం లేదు. అప్ డేట్ అని యంత్రం గోల పెట్టినప్పుడల్లా "తరువాత చూద్దాం" అనేవారికి మాత్రం పాత తాళమే మిగులుతుంది.

మూడో తాళం: రాజముద్ర

వచ్చినవాణ్ణి ముఖం చూసి కాక, ముద్ర చూసి లోపలికి రానివ్వడం ఒక పద్ధతి. 2012లో విండోస్ 8తోపాటు ఇళ్ళకు వచ్చిన 'సెక్యూర్ బూట్' ఆ పద్ధతే. సరైన ముద్ర ఉన్న వ్యవస్థనే బయాస్ లేపుతుంది. ముద్ర లేనిదాన్ని గుమ్మంలోనే నిలబెడుతుంది. మంచి ఏర్పాటే. కాని ఉబుంటు వంటి పేరున్న లినక్సు వ్యవస్థలకు కూడా ఆ ముద్ర ఉన్నది. అంచేత సెక్యూర్ బూట్ ఉన్నంతమాత్రాన పెన్ డ్రైవు కన్నం పూడిపోయిందని నిశ్చింతగా ఉండరాదు.

విశాఖదత్తుడి ముద్రారాక్షసం చదివినవారికి ముద్రల సంగతి మరొకరు చెప్పనక్కరలేదు. (మనవాళ్ళు అచ్చుతప్పులకు ఆ పేరు పెట్టి వాడుకొంటున్నారు గాని, అది పెద్ద రాజకీయ నాటకం.) రాక్షసమంత్రి ఉంగరం చాణక్యుడి చేతికి చిక్కుతుంది. ముద్ర నిజమైనదే, ఉత్తరం మాత్రం కపటం. 2023 మార్చిలో ఎసెట్ అనే సంస్థవారు 'బ్లాక్ లోటస్' అనే దుష్ట ప్రోగ్రామును గురించి వివరించారు. అది చేసిన పనీ ఇదే. లోపం ఉన్నదని తెలిసి మైక్రోసాఫ్టువారు 2022లోనే సవరించిన ఒక పాత ఫైలును అది వెంట తెచ్చుకొంటుంది. ఆ పాత ఫైలుమీద ముద్ర నిజమైనదే. చెల్లదని అప్పటికి ఎవరూ రద్దు చేయలేదు. ద్వారపాలకుడు ముద్ర చూసి దారి ఇచ్చాడు! ఉంగరం పోగొట్టుకొన్న రాజు కొత్తది చేయించుకొంటే చాలదు, పాతదాన్ని చెల్లకుండా కూడా చేయాలి.

నాలుగో తాళం: ఇనప్పెట్టె

గుమ్మాలన్నీ బిగించినా, పెట్టె విప్పి డిస్కునే ఊడదీసి మరో యంత్రానికి తగిలించుకొనేవాణ్ణి ఏంచేయాలి? అతనికి గుమ్మంతో పనే లేదు. అందువల్ల అన్నిటికంటె గట్టి తాళం డిస్కుమీది రాతనే గూఢలిపిగా మార్చివేయడం. విండోసులో దీనికి బిట్ లాకర్ అనీ, మాక్ లో ఫైల్ వాల్ట్ అనీ, లినక్సులో లక్స్ అనీ పేర్లు. తాళం చెవి లేనివాడు ఏ పెన్ డ్రైవుతో లేపినా, డిస్కును ఏ యంత్రానికి తగిలించినా అర్థం లేని అక్షరాల రాశి తప్ప ఏమీ కనిపించదు. అప్పుడిక కన్నం వేసినా లోపల చీకటే.

ఇక్కడ ఇంటింటా తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. 2024లో వచ్చిన విండోస్ 11 కొత్త కూర్పునుంచి, వ్యవస్థను కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశిస్తే చాలా యంత్రాల్లో ఈ తాళం దానంతటదే పడుతున్నది. దానికి 48 అంకెల మారు తాళంచెవి ఒకటి ఉంటుంది. అది ఆ ఖాతాలో దాగి ఉంటుంది. బయాస్ లో మార్పులు చేసిన మరుక్షణంలో యంత్రం అనుమానపడి ఆ 48 అంకెలూ అడగవచ్చు. కనక పైన చెప్పిన మొదటి తాళంమీద చెయ్యి వేయబోయే ముందే ఆ అంకెలు ఎక్కడున్నవో చూసి, కాగితంమీదికి ఎక్కించుకోవాలి. వరస తప్పితే దొంగకు వేసిన తాళం దొరకే పడుతుంది.

యంత్రాన్ని వదలిపెట్టి వెళ్ళేటప్పుడు నిద్రపుచ్చడం కాదు, పూర్తిగా ఆపివేయడం మంచిది. నిద్రలో ఉన్న యంత్రం తాళంచెవిని తలగడకింద పెట్టుకొనే ఉంటుంది. 2008లో అమెరికాలోని ప్రిన్స్ టన్ విశ్వవిద్యాలయంవారు ఈ సంగతి నిరూపించారు. దుమ్ము ఊదే గాలిడబ్బాను తలకిందులుగా పట్టి జ్ఞాపకపు చిప్పులను గడ్డకట్టించి, కరెంటు పోయిన తరువాత కూడా వాటిలోంచి తాళంచెవిని చదివారు. మన ఇళ్ళకు అంతటి దొంగలు రారు. అయినా ఆపివేయడానికి కాణీ ఖర్చు లేదు కదా.

ఇంటిదొంగ సంగతి

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు. యంత్రం దగ్గర ఒంటరిగా ఎంతసేపైనా కూర్చోగలవాడికి ఏ తాళమూ శాశ్వతంగా అడ్డం కాదు. జోవన్నా రుట్కోవ్ స్కా అనే పోలెండు పరిశోధకురాలు 2009లో దీనికి 'దుష్ట పనిమనిషి' అనే పేరు పెట్టారు. హోటలు గదిలో లాప్ టాపు పెట్టి మీరు భోజనానికి వెళ్ళారు. గది ఊడ్చే నెపంతో వచ్చినవారు దాన్ని ఒకసారి పెన్ డ్రైవుతో లేపి, తాళం అడిగే చోట తమ మనిషిని కూర్చోబెట్టి వెళ్ళారు. సాయంత్రం మీరు వచ్చి తాళంచెవి మీ చేత్తోనే అతనికి అందించారు. మళ్ళీ మైత్రేయుడి కథే! పేరు పనిమనిషిదే అయినా, మన ఇళ్ళలో చాకిరీ చేసే పేదరాలిని అనుమానించమని దీని అర్థం కాదు. ఈ పని చేయడానికి చదువుకొన్నవాళ్ళు కావాలి.

కాబట్టి చివరి తాళం ఇత్తడిదే. మార్కులున్న యంత్రం ఉన్న గదికి తాళం వేయాలి. లాప్ టాపును మరమ్మతు దుకాణానికి ఇచ్చేముందు ముఖ్యమైనవాటికి నకలు తీసుకొని, మరమ్మతు డిస్కుకు సంబంధించినది కాకపోతే డిస్కు ఊడదీసి ఇవ్వడం సాధ్యమా అని అడగాలి. చట్టం కూడా ఉన్నది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం యజమాని అనుమతి లేకుండా కపటబుద్ధితో కంప్యూటరులో చొరబడితే మూడేళ్ళదాకా ఖైదు, అయిదు లక్షలదాకా జరిమానా పడవచ్చు. కాని దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగిన చందాన, చట్టం వచ్చేది పెట్టె పోయిన తరువాతనే.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఇన్ని తాళాలు చెప్పిన తరువాత ఒక మాట చెప్పకపోతే అపచారం. ఆ పాటలు సేకరించిన పెద్దాయన లాప్ టాపుకు నాలుగో తాళం వేసి ఉంటే, మా కుర్రవాడి పెన్ డ్రైవు ఎందుకూ పనికివచ్చేది కాదు. ఆ అత్తగారి పాట ఆవిడ నోటితోనే అంతమయ్యేది. గట్టి తాళం దొంగను ఎంత గట్టిగా ఆపుతుందో, తాళంచెవి లేని భార్యాబిడ్డలను కూడా అంత గట్టిగానే ఆపుతుంది. పూర్వం ఇంటి పెద్ద కన్నుమూసే ముందు లంకెబిందెల జాడ చెప్పకుండా పోతే, పిల్లలు పెరడంతా తవ్వుకొనేవారట. గూఢలిపిలో రాసిన డిస్కును ఎంత తవ్వినా లంకెబిందె దొరకదు.

అందుచేత ఈ ఆదివారం, సీరియల్ చదవడం పూర్తి అయిన తరువాత, ఒక గంట తీరిక చేసుకోండి. మొదట ముఖ్యమైనవాటికి వేరే డిస్కులో నకలు తీయండి. తరువాత 48 అంకెల తాళంచెవి ఎక్కడున్నదో చూసి కాగితంమీద రాయండి. ఆ తరువాతనే బయాస్ లోకి వెళ్ళి బూట్ వరస సరిచేసి, పాస్ వర్డు పెట్టి, దాన్నీ అదే కాగితంమీద రాయండి. ఆ కాగితాన్ని కవరులో పెట్టి అంటించి, బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన ఉంచండి. అది అక్కడున్నదని మీ తరువాత ఇంటి బాధ్యత చూసుకోవలసినవారికి నోటితో చెప్పండి. యంత్రాలు రాయించుకొన్నవన్నీ దాచగలవు గాని, ఎవరికి చెప్పాలో అవి నిర్ణయించలేవు. అది మన పని.